పటం ముందు ఎవరు నిలబడాలి?

(మన బొమ్మ – మన చదువు: 6వ భాగం)



1934వ సంవత్సరం. బాబాసాహెబ్ అంబేడ్కర్, ఉద్యమంలో ఆయనతో నడిచిన తోటివాళ్లు కొందరు కలిసి ఎల్లోరా బౌద్ధ గుహలు చూడటానికి బయలుదేరారు. ఎల్లోరా, అజంతా, ఔరంగాబాద్, దౌలతాబాద్ అప్పుడు నిజాం రాజ్యంలోనివే. మన నిజామాబాద్, బోధన్ కూడా అదే రాజ్యం. దారిలో దౌలతాబాద్ కోట చూద్దామని ఆగారు. ప్రయాణంలో ముఖాలన్నీ దుమ్ము కొట్టుకుపోయాయి. కోట వాకిలి దగ్గర నీళ్లు నిండుగా ఉన్న చిన్న చెరువు లాంటిది కనిపిస్తే కొందరు ముఖం, కాళ్లు కడుక్కున్నారు. అంతే, అంటరానోళ్లు నీళ్లు మైల చేశారని జనం పోగయ్యారు. తిట్లు, గొడవ. చివరికి కోట లోపలికి పోనిచ్చారు గానీ ఒక షరతు పెట్టారు. లోపల ఎక్కడా నీళ్లు ముట్టొద్దు. ముట్టకుండా చూడటానికి వెంట ఆయుధం పట్టిన సిపాయిని పంపారు.

ఈ సంగతి ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. మనం దీన్ని అంటరానితనం పాఠంగా చదువుతాం. సరైనదే. నేను దీన్ని కళా చరిత్ర పాఠంగా కూడా చదువుతాను. ఒక దళిత బృందం శిల్పాలు, గుహలు, కోటలు తమ కళ్లతో చూడటానికి చేసిన ప్రయాణం ఇది. ఇప్పటి యూనివర్సిటీ మాటల్లో చెప్తే ఫీల్డ్ ట్రిప్. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషి కూడా కట్టడం ముందుకు పోవాలంటే సిపాయి నీడలోనే పోవాల్సి వచ్చింది.

కళా చరిత్ర ఎట్లా చెప్పాలి అనే ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. బొమ్మ ముందు నిలబడే హక్కు ఎవరిది? దగ్గరికి పోయి చూసి, వేలు పెట్టి చూపించి, 'ఇది ఎందుకు ఇట్లా ఉంది?' అని అడిగే హక్కు ఎవరిది? ఈ భాగం దాని గురించే.

*ఒకే రాజ్యం, రెండు రకాల బొమ్మలు*

నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది. దాన్ని నడిపిన గులామ్ యజ్దానీ గొప్ప పండితుడు. అజంతా బొమ్మలు పెచ్చులూడిపోతుంటే 1920లలో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి బాగు చేయించారు. ఆ బొమ్మల మీద యజ్దానీ తెచ్చిన గ్రంథం 1930 నుంచి 1955 దాకా నాలుగు భాగాలుగా వెలువడింది. మంచి పని. ఎవరూ కాదనరు.

అదే రాజ్యంలో, అదే కాలంలో ఇంకో బొమ్మ ఊరూరా తిరుగుతోంది. మూడు అడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవున్న బట్ట మీద ఎర్రటి నేల వేసి, వరుసలు వరుసలుగా కథ గీసిన పటం. గీసేది చేర్యాల నకాషీ కుటుంబాలు. భుజాన మోసుకొచ్చి, విప్పి, కథ చెప్పేది ఆశ్రిత కులాల వాళ్లు. దీనికి ఇటలీ నిపుణులు రాలేదు, గ్రంథం రాలేదు. పటం పాతబడి చినిగితే నీళ్లలో వదిలి కొత్తది గీయించుకోవడం ఆనవాయితీ. అట్లా పాత పటాలు చాలావరకు నీళ్లలోనే కలిసిపోయాయి. మిగిలినవి కొన్ని మ్యూజియాలకు, కొన్ని హైదరాబాద్‌లో జగదీశ్ మిత్తల్ లాంటి వాళ్ల సేకరణలకు చేరాయి.

అజంతా గొప్పదా, పటం గొప్పదా అనే పోటీ పెట్టడం లేదు. ఒకటి 'కళ' అయ్యి, ఇంకోటి 'జానపదం' ఎట్లా అయ్యిందో చూడమంటున్నాను. ఆ విభజన బొమ్మలో లేదు. బొమ్మను ఎవరు చూశారు, ఎవరు రాశారు, ఎవరు సిలబస్ వేశారు అన్న దాంట్లో ఉంది.

*చీకటి గది నుంచి 'జతపరచండి' దాకా*

యూనివర్సిటీలో కళా చరిత్ర చెప్పే పద్ధతికి కూడా ఒక చరిత్ర ఉంది. గత శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో హైన్‌రిక్ వోల్ఫ్‌లిన్ అనే ప్రొఫెసర్ రెండు స్లైడ్లు పక్కపక్కన వేసి పోల్చి చెప్పే పద్ధతికి పేరు తెచ్చాడు. గది చీకటి చేస్తారు. తెర మీద రెండు బొమ్మలు. వెలుగులో ఉండేది బొమ్మ, వినిపించేది పంతులు గొంతు. విద్యార్థి చీకట్లో కూర్చుని రాసుకుంటాడు. ప్రపంచమంతా ఇదే పద్ధతి దశాబ్దాలు నడిచింది. దాంట్లో మంచి లేకపోలేదు. రెండు బొమ్మలు పక్కన పెట్టి చూస్తే కన్ను పదునెక్కుతుంది. కానీ ఏ రెండు బొమ్మలు పక్కన పెట్టాలో ఎప్పుడూ పంతులే నిర్ణయిస్తాడు.

మన దేశంలో శాంతినికేతన్ కళాభవన్ 1919లో మొదలైంది. అక్కడ చెట్ల కింద కూర్చుని, చుట్టుపక్కల సంతాల్ ఊళ్లు చూస్తూ గీసే అలవాటు ఉండేది. మన దగ్గర హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ 1988లో వచ్చింది. మరి నిజామాబాద్ పిల్లవాడి సంగతి? డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చిందే 2006లో. ఇక్కడ కళా చరిత్ర విడిగా ఒక డిగ్రీగా రాదు. హిస్టరీ పేపర్లో ఒక యూనిట్‌గా, తెలుగు ఎం.ఏ.లో జానపద విజ్ఞానం కింద కొన్ని పేజీలుగా, ఆ తర్వాత గ్రూప్స్ కోచింగ్ మెటీరియల్లో బిట్లుగా వస్తుంది.

ఆ బిట్లు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. జతపరచండి: డక్కలి – మాదిగ. కూనపులి – పద్మశాలి. గౌడ జెట్టి – గౌడ. కాకి పడగల – ముదిరాజ్. నాలుగు గీతలు కలిపితే రెండు మార్కులు.

ఆ గీత ఒకసారి సరిగా చూడండి. డక్కలికి, మాదిగకు మధ్య పెన్నుతో గీసే ఆ సన్నని గీతలో ఎన్ని తరాల ఆకలి ఉంది, ఎంత కథ ఉంది, ఎంత అవమానం ఉంది! బోధన్ దగ్గరి ఊరి నుంచి వచ్చిన పిల్ల, వాళ్ల తాత కళ్లారా చూసిన ఆటను, రెండు మార్కుల బిట్టుగా బట్టీ పడుతోంది. తన ఇంట్లో ఉన్న చరిత్ర తనకే 'జనరల్ నాలెడ్జ్' అయ్యింది. నా బాధంతా ఇక్కడే.

*పటం కథే ఒక తరగతి*

ఇప్పుడు పటం కథ నడిచే తీరు చూడండి. సాయంత్రం వాడలో పటం కడతారు. చుట్ట విప్పుతూ పోతుంటే ఒక్కో వరుస బయటికొస్తుంది. చేతిలో కర్ర. బొమ్మను చూపిస్తూ పాట, మధ్యలో మాట, పక్కన వంత. కూర్చున్న వాళ్లు ఊరికే కూర్చోరు. 'ఆ పక్కన నిలబడ్డదెవరు?' అని అడుగుతారు. ముసలాయన ఒకడు 'అట్ల కాదు, మా నాయన కాలంల ఇంకో తీరు చెప్పేటోళ్లు' అని అడ్డం పడతాడు. చెప్పేవాడు ఆగి, జవాబు చెప్పి, మళ్లీ అందుకుంటాడు. డబ్బు, గింజలు ఇచ్చేది వాడ కాబట్టి కథను నిలదీసే హక్కు కూడా వాడకు ఉంది.

జాంబపురాణమైతే కథే వాదన. భూమి పుట్టకముందే పుట్టిన జాంబవముని ఒక వైపు, బ్రాహ్మడు ఇంకో వైపు. ముందు పుట్టిందెవరు, పెద్ద ఎవరు, ఎవరు ఎవరిని తక్కువ చేశారు? ప్రశ్న, జవాబు, ఎదురు ప్రశ్న. డక్కలి వాళ్లు దీన్ని పటం మీద చెప్తే, చిందు వాళ్లు వేషం కట్టి ఆడతారు. బడి గడప తొక్కనివ్వని కాలంలో మాదిగవాడ తన చరిత్రను తర్కం చేస్తూ నేర్చుకున్న చోటు అది.

చిందు అంటే మన బోధన్ పేరు చెప్పుకోవాలి. బోధన్ మండలం అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ ఊరు. 2005లో చనిపోయేదాకా ఆమె పేరు చెప్తే చిందు, చిందు అంటే ఆమె. చాలా ఆటల్లో ఆడవేషం కూడా మగవాళ్లే కట్టే రోజుల్లో చిందు మేళంలో ఆడవాళ్లు రంగం మీదికి వచ్చారు. ఎల్లమ్మ ఆడవేషాలే కాదు, మగవేషాలూ కట్టింది. ముఖానికి అర్దళం, తలకు కిరీటం, భుజకీర్తులు, తేలికైన కర్రతో చెక్కిన సొమ్ములు. రంగు, చెక్కడం, అలంకారం, నటన అన్నీ ఒకే ఒంటి మీద ఉన్నాయి. దాన్ని కళా చరిత్ర పుస్తకంలో ఏ అధ్యాయంలో పెట్టాలో పుస్తకం రాసిన వాళ్లకు తెలియలేదు కాబట్టి వదిలేశారు.

బొమ్మ, చూపుడు కర్ర, ప్రశ్న, వాదన. ఇప్పుడు యూనివర్సిటీలు వర్క్‌షాపులు పెట్టి 'యాక్టివ్ లెర్నింగ్' అని చెప్తున్న దాంట్లో ముఖ్యమైనవి ఇవే. కాబట్టి తమ్ముడూ, చెల్లే, ఇది బయటి నుంచి మనకు ఎవరో దయతో ఇచ్చిన కొత్త చదువు కాదు. పరీక్ష మన దగ్గర నుంచి తీసేసుకున్న పాత చదువు.

*బయటి నుంచి కూడా నేర్చుకోవాలి*

అట్లని అంతా మన దగ్గరే ఉంది అని కూర్చుంటే కూడా కాదు. అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో చదివారు. అక్కడ జాన్ డ్యూయీ పాఠాలు విన్నారు. చేస్తూ నేర్చుకోవాలి, తరగతి అంటేనే ప్రజాస్వామ్యానికి అభ్యాసం అన్న మనిషి డ్యూయీ. 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ ఆయన్ని తన గురువుగా పేరు పెట్టి చెప్పుకున్నారు.

ఇంకో సంగతి. 1971లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో తెల్లవాళ్ల బడులు, నల్లవాళ్ల బడులు కలిపేశారు. తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలు ఒకే గదిలో కూర్చున్నారు గానీ కొట్లాటలు ఆగలేదు. ఎలియట్ అరాన్సన్ అనే మనస్తత్వవేత్త, ఆయన విద్యార్థులు తరగతిని గమనించి ఒక మాట పట్టుకున్నారు. గదిలో పోటీ ఉన్నంతకాలం చేయి ఎత్తేవాడే ఎత్తుతాడు, మిగతావాళ్లు తలదించుకుంటారు. అందుకని పాఠాన్ని ముక్కలు చేశారు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో ముక్క. ఆ ముక్క వాడి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. వాడు చెప్తే తప్ప మిగతావాళ్లకు పాఠం పూర్తి కాదు. దీన్నే జిగ్సా పద్ధతి అంటారు. ఇది పుట్టింది మార్కుల కోసం కాదు, జాత్యహంకారం మీద పోరాటంలో. ఈ చరిత్ర చెప్పకుండా 'గ్రూప్ యాక్టివిటీ' అని మనకు అమ్ముతున్నారు.

లెక్క కూడా ఒకటి చూద్దాం. 2014లో అమెరికాలో 225 అధ్యయనాలను కలిపి చూస్తే, ఉపన్యాసం వినే తరగతుల్లో నూటికి సుమారు 34 మంది ఫెయిలైతే, విద్యార్థులు పాల్గొనే తరగతుల్లో 22 మంది ఫెయిలయ్యారు. 2020లో వచ్చిన ఇంకో పరిశీలనలో, వెనక్కి నెట్టబడిన వర్గాల పిల్లలకు, మిగతావాళ్లకు మధ్య పరీక్ష మార్కుల్లో ఉన్న తేడా సుమారు మూడో వంతు తగ్గింది. ఇవి సైన్సు, లెక్కల తరగతులకు సంబంధించినవి, మన కళా చరిత్రవి కావు. అయినా ఒక సూచన ఉంది. అందరూ మాట్లాడే తరగతిలో ఎక్కువ లాభపడేది ఇంతకాలం మాట్లాడనివ్వని వాళ్లే.

*ఒక పటం, నాలుగు ముక్కలు*

నేను తరగతిలో చేసే పని చెప్తాను. మీలో లెక్చరర్లు ఉంటే చేసి చూడండి. విద్యార్థులైతే హాస్టల్ గదిలో చేసుకోండి, పెద్ద ఖర్చు లేదు.

ముందు జాంబపురాణం పటంలో ఒక్క వరుస ఫోటో పెద్దగా ప్రింటు తీసి గోడకు పెట్టాలి. పది నిమిషాలు ఎవరూ పాఠం చెప్పొద్దు. మూడే ప్రశ్నలు. బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అట్లా అంటున్నావ్? ఇంకా ఏం కనిపిస్తోంది? పేరు, శతాబ్దం, శైలి ఏదీ ముందు చెప్పొద్దు. చెప్పామంటే పిల్లలు చూడటం ఆపేసి రాసుకోవడం మొదలుపెడతారు.

తర్వాత నాలుగు గుంపులు. చీటీలు వేసి గుంపులు చేయాలి. 'మీ ఇష్టం ఉన్నట్టు కూర్చోండి' అంటే ఊరు ఊరుగా, హాస్టల్ హాస్టల్‌గా, కులం కులంగా కూర్చుంటారు. ఇంగ్లిష్ మీడియం పిల్లవాడు మాట్లాడతాడు, ఆడపిల్ల నోట్సు రాస్తుంది, వెనక బెంచీ వెనకే ఉంటుంది. పద్ధతి కొత్తదైనా కులం పాతదే నడుస్తుంది.

మొదటి గుంపుది వస్తువు. ఖద్దరు బట్ట, చింతగింజల గంజి, సుద్దమట్టి, తుమ్మబంక. ఇవి కలిపి చిన్న గుడ్డ ముక్కకు పూసి ఆరబెట్టి, రంగు వేసి, చుట్టి విప్పి చూడాలి. రంగు పగిలిందా, నిలిచిందా? యాభై అడుగుల పటం వందల సార్లు చుట్టి విప్పినా రంగు రాలకుండా ఉండాలంటే ఎంత పనితనం కావాలో అప్పుడు చేతికి తెలుస్తుంది.

రెండో గుంపుది కథ. జాంబపురాణం తెలిసిన పెద్దమనిషిని వెతికి, అడిగి, అనుమతితో రికార్డు చేయాలి. పుస్తకంలో ఉన్నదానికి, ఆయన చెప్పిన దానికి తేడా ఎక్కడుందో గుర్తు పెట్టాలి.

మూడో గుంపుది హక్కు. డక్కలి, చిందు వాళ్లకు ఏ ఊళ్ల మీద హక్కు ఉండేది? ఎన్నేళ్లకు ఒకసారి వచ్చేవాళ్లు? గింజలు ఎంత, డబ్బు ఎంత, ఇవ్వకపోతే ఏమయ్యేది? ఇది ఇంట్లో నానమ్మను, తాతను అడిగితేనే తెలుస్తుంది.

నాలుగో గుంపుది ప్రయాణం. పటం వాడ నుంచి మ్యూజియానికి ఎట్లా పోయింది? ఈరోజు చేర్యాల బొమ్మ మాస్కుగా, గోడకు పెట్టుకునే చిన్న ఫ్రేముగా, కీ చైనుగా దుకాణంలో ఉంది. కొనేది ఎవరు? కథ చెప్పేవాడు ఈ వ్యాపారంలో ఎక్కడ ఉన్నాడు?

వారం తర్వాత గుంపులు మారుస్తాం. కొత్త గుంపులో ఒక్కో గుంపు నుంచి ఒక్కరు ఉంటారు. ఇప్పుడు హక్కు గురించి నానమ్మను అడిగి వచ్చిన పిల్ల నోరు విప్పకపోతే పాఠం ముందుకు పోదు. ఏడాదంతా మాట్లాడని పిల్ల ఆరోజు మాట్లాడుతుంది. మిగతావాళ్లు రాసుకుంటారు. ఇంతకాలం ఆ గదిలో ఎవరి ఇంటి జ్ఞానం చదువుగా లెక్కకు వచ్చిందో, ఎవరిది రాలేదో అందరికీ అర్థమవుతుంది.

రెండు జాగ్రత్తలు. ఎవరినీ 'మీ కులం కదా, నువ్వు చెప్పు' అనొద్దు. కులం చెప్పుకోవడం, చెప్పుకోకపోవడం ఆ పిల్లల ఇష్టం. రెండోది, కళాకారుడిని పిలిస్తే శాలువా కప్పి ఫోటో దిగి పంపించొద్దు. గెస్ట్ లెక్చరర్‌కు ఏ రేటు ఇస్తారో ఆ రేటు ఇవ్వాలి. ఆయన ఆరోజు పాఠం చెప్పడానికి వచ్చాడు.

*గది దాటి బయటికి*

నిజామాబాద్, బోధన్ మధ్య ఇరవై అయిదు కిలోమీటర్ల చుట్టుపక్కల చదవడానికి బొమ్మలకు కరువు లేదు. డిచ్‌పల్లి గుట్ట మీద రామాలయం ఉంది, శిల్పాలు చూసి ఇందూరు ఖజురహో అంటారు. యూనివర్సిటీ పక్కనే. దాన్ని చూసి వర్ణన రాయడం సరే. రాయి మోసిందెవరు, లోపలికి రానిచ్చింది ఎవరిని అని కూడా రాయాలి.

బోధన్‌లో దేవల్ మసీదు ఉంది. జైన గుడిగా మొదలై తర్వాత మసీదైన కట్టడం. దాని గురించి ఒక్క వాక్యం చెప్పి వదిలేస్తే మిగతాది వాట్సాప్ చెప్తుంది. అందుకే ముందు నక్షత్రం లాంటి గోడల మలుపులు గీయించాలి, స్తంభాలు లెక్క పెట్టించాలి, ఏ కాలంలో ఏది చేరిందో విద్యార్థులే వాదించుకోవాలి. కళ్లతో చూసిన పిల్లవాడిని రెచ్చగొట్టడం అంత తేలిక కాదు.

ఇంకా శక్కర్‌నగర్. మంజీర మీద నిజాంసాగర్ కట్టిన తర్వాత, ఆ కాలువ నీళ్ల మీద 1937లో వచ్చిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ పెట్టి మూసేశారు. దాన్ని మనం ఉద్యోగాల కథగా మాత్రమే చూస్తాం. అధికారి ఇల్లు ఎక్కడ కట్టారు, కార్మికుడి ఇల్లు ఎక్కడ కట్టారు, చెరుకు కొట్టే మనిషి ఎక్కడ పడుకున్నాడు? నేల మీద గీసిన ఆ పటం కూడా ఒక బొమ్మే. చదవడం వస్తే కులం, వర్గం రెండూ కనిపిస్తాయి.

*మన కంట్లో ముల్లు*

చివరిగా చేదు మాట. మూడో గుంపు నానమ్మల దగ్గర నుంచి తెచ్చే జవాబుల్లో ఒకటి ఎప్పుడూ గదిని నిశ్శబ్దం చేస్తుంది. డక్కలి వాళ్లను మాదిగ వాడ కూడా లోపలికి రానివ్వలేదు. వాడ బయటే ఉండి, దూరం నుంచే అడుక్కుని, దూరం నుంచే కథ చెప్పారు. మాదిగలు ఆదిజాంబవుని బిడ్డలు, అందరికంటే ముందు పుట్టినవాళ్లు అని పాడిన గొంతును మాదిగలే అంటరానిది చేశారు. జాంబపురాణం విని ఛాతీ ఉప్పొంగిన పిల్లవాడు ఈ మాట విన్నాక తల దించుకుంటాడు.

బాబాసాహెబ్ దీన్నే మెట్లు మెట్లుగా ఉన్న అసమానత అన్నారు. ప్రతి మెట్టు మీదివాడికి కింద ఇంకొకడు ఉంటాడు. ఉపన్యాసంలో ఈ మాట చెప్తే పిల్లలు రాసుకుని మార్కులు తెచ్చుకుంటారు. నానమ్మ నోటి నుంచి తామే విని వస్తే తప్పించుకోలేరు. 2025లో వచ్చిన ఎస్సీ వర్గీకరణలో డక్కలి పేరు మొదటి గ్రూపులో చేరింది. జాబితాలో చోటు దొరికింది. తరగతిలో, మన వాడలో, మన సభల్లో చోటు ఇంకా దొరకాలి.

అందుకే నా లెక్కలో యాక్టివ్ లెర్నింగ్ అంటే కుర్చీలు గుండ్రంగా వేసుకోవడం కాదు. పొగిడే చరిత్రతో పాటు నిలదీసే చరిత్ర కూడా విద్యార్థే తవ్వి తెచ్చుకోవడం. బొమ్మ మీద గౌరవం, ఆ బొమ్మ మోసిన మనిషి మీద గౌరవం రెండూ ఒకేసారి నేర్చుకోవడం.

చేయాల్సినవి మూడు. మీ కాలేజీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు ఒక అర్జీ రాయండి: ఆశ్రిత కులాల కళలు 'జతపరచండి' బిట్టుగా వద్దు, ప్రాజెక్టుగా పెట్టండి, దానికి ఇంటర్నల్ మార్కులు ఇవ్వండి అని. ఈ సెలవుల్లో మీ ఊళ్లో పటం కథ, చిందు చూసిన పెద్దవాళ్లు ఎవరున్నారో వాళ్ల మాట రికార్డు చేయండి. వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరుతోనే దాచండి, మన పేరుతో కాదు. వచ్చే ఏప్రిల్ 14న మీ ఊరి అంబేడ్కర్ విగ్రహం దగ్గర డీజేకు పెట్టే డబ్బులో కొంత తీసి డక్కలి, చిందు కళాకారులను పిలవండి. వాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి, అందరితో కలిపి భోజనం పెట్టండి. తర్వాత పటం విప్పమనండి. మీరు దగ్గరికి పోయి నిలబడి అడగండి.

వచ్చే భాగంలో కిన్నెర గురించి మాట్లాడుకుందాం. జై భీమ్.